యంత్రానికి గొడుగు

అచ్యుతరావు గారు సర్వే శాఖలో చేరిన ఏడాదే ఆయన జుట్టు సెలవు పెట్టి వెళ్లింది. మళ్ళీ డ్యూటీలో చేరలేదు. అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్లు. యాభై రెండో ఏటికి ఆ తల ఎలా తయారైందంటే, కొల్లేట్లో చేపలు పట్టేవాళ్లు కోసు దూరం నుంచి దాన్ని చూసి, "అదుగో, సర్వేయరు గారు ఇవాళ ఆ దిబ్బ మీదున్నారు" అని పడవ దారి సరిచూసుకునేవారు.

ఆ మెరుపులో సగం వాటా ఆయన భార్య వెంకటనరసమ్మ గారిది. చలవ చేస్తుందని రోజూ పొద్దున్నే అరచేతినిండా ఆముదం పోసి ఆ తలకి మర్దనా చేసేది. అట్ల పెనానికి నూనె రాసి పొయ్యి మీద పెట్టేదీ ఆవిడే, మొగుడి తలకి నూనె రాసి ఎండలోకి పంపేదీ ఆవిడే. రెంటికీ తేడా ఏమిటని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఆయన కాపురం ఏలూర్లో, పని కొల్లేట్లో. వానాకాలమంతా నీళ్ల కింద దాచుకున్న నేలని కొల్లేరు ఎండాకాలంలో బయట పెడుతుంది. అలా బయటపడ్డ నేల మీద నిరుటి గట్టు ఎక్కడుండేదో ప్రతి రైతుకీ బాగా గుర్తుంటుంది. చిత్రమేమిటంటే, అందరికీ తమ గట్టు పక్కవాడి చేలోనే ఉన్నట్టు గుర్తు. ఆ జ్ఞాపకాలని గొలుసుతో కొలిచి సరిదిద్దడమే అచ్యుతరావు గారి ఉద్యోగం. శివరాత్రికి మొదలుపెడితే మృగశిర కార్తె దాకా ఎండలోనే.

అలాగని సర్కారువారు గొడుగివ్వలేదనుకోకండి. ఇచ్చారు. చాలా మంచి గొడుగు. ఏడడుగుల వెదురు కర్ర, మందపాటి ఖాకీ గుడ్డ, లోపల పచ్చటి అస్తరు. అది కోణాలు కొలిచే థియొడొలైటు యంత్రానికి. ఎండ తగిలితే దాని ఇత్తడి సాగుతుంది, లోపలి బుడగ జరుగుతుంది, కోణం తప్పొస్తుంది అని రూల్సు పుస్తకంలో ఉంది. మనిషి తలకి ఏమవుతుందో ఆ పుస్తకంలో లేదు. కాబట్టి గొలుసు పట్టే చైన్‌మన్ వీరాస్వామి యంత్రానికి గొడుగు పట్టుకుని నిలబడితే, అచ్యుతరావు గారు ఆ నీడకి సరిగ్గా బయట నడుం వంచి, కన్ను అద్దానికి ఆనించి, నడినెత్తిని సూర్యుడికి అప్పగించేవారు.

ఒకసారి వీరాస్వామి మనసాగక గొడుగుని ఆరంగుళాలు ఇటు వంచాడు.

"ఏరా, ఏం చేస్తున్నావు?"

"తమరి నెత్తి మాడిపోతందండి బాబూ."

"మాడితే నాది మాడుతుంది. యంత్రం మాడితే సర్కారుది. అటు పట్టు."

పోనీ టోపీ పెట్టుకోవచ్చు కదా? దానికీ ఆయన దగ్గర జవాబుంది. తెల్ల టోపీ పెడితే కాంగ్రెసువాడంటారు. ఎర్ర తువ్వాలు చుడితే కమ్యూనిస్టంటారు. హ్యాటు పెడితే కలెక్టరనుకుని అర్జీలు పట్టుకొస్తారు. ఎన్నికలైన కొత్తల్లో గట్టు తగాదాలు తీర్చే మనిషికి ఏ పార్టీకీ చెందని వస్తువు ఒక్క బట్టతలేనని ఆయన నమ్మకం.

ఇక ఆయన కూతురు కామేశ్వరి సంగతి. బి.యస్సీ. చదివి, ఏలూర్లో ఆడపిల్లల స్కూల్లో సైన్సు టీచరుగా చేస్తోంది. భర్త ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. శనివారం రైల్లో వచ్చి సోమవారం రైల్లో పోతాడు. పదకొండు నెలల కూతురు మాణిక్యంతో కామేశ్వరి పుట్టింట్లోనే ఉంటోంది. చదువు మనిషికి ధైర్యాన్నిస్తుందంటారు. కామేశ్వరికి భయపడ్డానికి మరికాసిని కారణాలనిచ్చింది. పాలు మూడు పొంగులు రావాలి. గిలక్కాయని వేణ్ణీళ్లలో మరిగించాలి. ప్రతి ఆదివారం పిల్లని తూచి, కొలిచి, నోట్‌బుక్కులో రాయాలి.

"నిన్ను మేం పెంచలేదుటే? ఒక్కనాడైనా తూచామా?" అనేది తల్లి.

"అందుకేనేమోనమ్మా ఇలా తయారయ్యాను."

దోమ కుట్టిన మచ్చ పిల్ల వంటి మీద కనిపిస్తే భూతద్దం తెచ్చి చూసే కామేశ్వరి, అదే ఇంట్లో తండ్రి నెత్తి మీద ఏడాదిన్నరగా ఉన్న పుండుని ఒక్కసారీ చూడలేదు. దాని చరిత్ర పెద్దది. మొదట పడవ గూడు తగిలిందన్నారు. తగ్గలేదు, కాబట్టి పురుగు ముట్టిందన్నారు. ఆర్నెల్లకీ తగ్గలేదు, కాబట్టి వేడి చేసిందన్నారు. వేడికి మందు ఆముదం. ఆముదం రాసుకుని మళ్ళీ ఎండలోకి.

ఆ ఫాల్గుణంలో పిల్లకి పుట్టువెంట్రుకలు తీయించడానికి అందరూ ద్వారకా తిరుమల వెళ్లారు. తిరుగు ప్రయాణంలో భీమడోలు స్టేషన్లో రైలు రెండు గంటలు ఆలస్యం. మిట్ట మధ్యాహ్నం. కామేశ్వరి పిల్ల గుండుకి గంధం పూసి, దాని మీద తడిగుడ్డ కప్పి, ఆ పైన గొడుగు పట్టింది. పిల్ల ఏమో తాతగారి భుజాలెక్కి కూర్చుంది. కింద తాతగారి తల, పైన మనవరాలి గుండు, ఆ పైన గొడుగు. గొడుగు నీడ అంచు ఎక్కడ పడుతోందో కామేశ్వరి జాగ్రత్తగా చూసుకుంటూనే ఉంది. నీడ పిల్ల మీద పడితే చాలు.

పిల్ల తాతగారి నెత్తిని దరువేస్తూ, గోళ్లతో గిల్లుతూ ఆడుకుంటోంది. ఉన్నట్టుండి కామేశ్వరి కెవ్వుమంది. పిల్ల చేతినిండా నెత్తురు.

ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లంతా మూగారు. పిల్లని దింపారు, వేళ్లు విడదీశారు, తుడిచారు. ఎక్కడా గాయం లేదు. వెంకటనరసమ్మ గారు మొగుడి నెత్తి కేసి చూసి ఊపిరి పీల్చుకుంది.

"అమ్మయ్య! పాపది కాదే. మీ నాన్నదే!"

అందరూ తేలిగ్గా నవ్వేశారు. అచ్యుతరావు గారు కూడా. నెత్తురు మాత్రం చెవి మీదుగా లాల్చీలోకి కారుతోంది. అప్పుడు చూసింది కామేశ్వరి, ఏడాదిన్నర ఆలస్యంగా. చింతగింజంత పుండు. అంచు గట్టిపడి, గట్టు పోసినట్టు పైకి లేచి ఉంది. పొక్కు ఊడినచోట నెత్తురు ఆగడం లేదు. కాలేజీ పుస్తకంలో ఒకే ఒక్క పేరాలో చదివిన సంగతి ఆవిడకి అక్కడే జ్ఞాపకం వచ్చింది. పరీక్షలో రాదని ఆ పేరాని క్లాసులో వదిలేశారు కూడా.

మర్నాడు డాక్టర్ దేవసహాయం గారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పుండుని నొక్కి, మెడ చుట్టూ గడ్డలున్నాయేమో తడిమి చూసి, చేతులు కడుక్కుని చెప్పాడు.

"నెలలు గడిచినా మానని పుండు, అంచు గట్టిపడ్డ పుండు, ముట్టుకుంటే నెత్తురొచ్చే పుండు. ఇది రాచపుండు, అంటే క్యాన్సరు, కావచ్చండి. ఎన్నేళ్లుగానో నెత్తిన ఎండ పడేవాళ్లకి వస్తుంది. ఇప్పుడైతే కోసి తీసేస్తే పోతుంది. మెడలోకి దిగితే నా చేతుల్లో ఉండదు. పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిస్తాను, ఈ వారమే వెళ్లండి."

"ఈ వారమా? కొల్లేరు ఇప్పుడే తేలిందండీ. నలభై గట్టు కేసులున్నాయి. వానలు పడ్డాక చూద్దాం," అన్నారు అచ్యుతరావు గారు, రైతు అర్జీని వాయిదా వేసినంత తేలిగ్గా.

కామేశ్వరి ఏడ్చింది. పుస్తకం తెచ్చి చదివి వినిపించింది. ఆయన ఆవలించి, "నీకు పిల్ల తుమ్మినా న్యుమోనియాయే కదమ్మా," అన్నారు. అందులో అబద్ధం లేదు. ఏడాదిపాటు ప్రతి తుమ్ముకీ అరిచినవాళ్లకి అసలు పులి వచ్చిననాడు గొంతుండదు.

అరుపులు మానేసింది. పిల్ల బరువు రాసే నోట్‌బుక్కు వెనకవైపు తిప్పింది. తండ్రి నిద్రపోతుంటే జామెట్రీ పెట్టెలోంచి డివైడర్లు తీసి ప్రతి ఆదివారం పుండుని కొలిచి రాసుకుంది. అంగుళంలో ఏడు వీసాలు, అంటే పదహారింట ఏడు వంతులు. ఎనిమిది. మళ్ళీ ఎనిమిది. తొమ్మిది. నాలుగో ఆదివారం ఆ నోట్‌బుక్కు అచ్యుతరావు గారి కంటపడింది. ఆయనకి కోపం వచ్చింది. తన ప్రాణం గురించి కాదు.

"ఇదేం సర్వే అమ్మాయ్? ఎక్కణ్ణించి కొలిచావు? స్థిరమైన గుర్తేదీ? రాయి లేకుండా గట్టు కొలిచేదానివి, నీకు సైన్సులో డిగ్రీ ఎవరిచ్చారు?"

"తప్పైతే మీరే కొలవండి నాన్నగారూ."

"కొలుస్తాను. కొలవక!"

ఆ క్షణాన్నే ఆవిడ కొలతలన్నీ రద్దయిపోయాయి. వీరాస్వామిని పిలిపించారు. రెండు అద్దాలు ఎదురెదురుగా పట్టించారు. ఎడమ చెవి పైనున్న నల్లటి పుట్టుమచ్చని సర్వే రాయిగా స్థిరపరిచారు. అక్కణ్ణించి పుండు నాలుగు అంచులకీ దూరం వీసాలతో సహా తీయించి, ఫీల్డుబుక్కులో పటం గీశారు. అద్దంలో కుడి ఎడమైనందుకు వీరాస్వామి నాలుగు తిట్లు తిన్నాడు.

మరో మూడు వారాలకి మళ్ళీ అదే తంతు. వీరాస్వామి కొలతలు చెబుతున్నాడు, ఆయన రాస్తున్నారు. మూడో కొలత దగ్గర కలం ఆగింది.

"సరిగ్గా చూశావురా?"

"చూశానండి. రాయి దిక్కుకి రెండు వీసాలు జరిగొచ్చిందండి బాబూ."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాడు. రెండు వీసాలే. అప్పుడు కామేశ్వరి, పిల్లని చంకనేసుకుని, మెల్లిగా అడిగింది.

"నాన్నగారూ, పక్కవాడి చేలోకి జరిగిన గట్టుని పంట కోసుకున్నాక తీస్తానని రైతు బతిమాలితే మీరేం చెబుతారు?"

ఆయన పాతికేళ్లుగా చెబుతున్నదే. కొల్లేరు చుట్టూ ప్రతి ఊరికీ తెలిసిన మాటే. "ఇవాళ తీయి, రేపు నాలుగు గజాలొస్తుంది" అని. ఆయన పటం కింద "ఆక్రమణ నిజం" అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి, ఆ వారమే సెలవుకి అర్జీ పెట్టారు. నలభై కేసుల్లో మిగిలినవి ఇరవై రెండు. కొల్లేరేమీ పారిపోలేదు.

పెద్దాసుపత్రిలో దాదాపు రెండంగుళాల మేర కోసి తీశారు. ముక్కని పరీక్ష చేసి రాచపుండేనని తేల్చారు. మెడలోకి దిగలేదు. ఇంకో ఏడాది ఆగి ఉంటే దిగేదేనని సర్జను కామేశ్వరితో విడిగా చెప్పాడు. అచ్యుతరావు గారు మత్తు దిగగానే అడిగిన మొదటి ప్రశ్న, "చుట్టూ కొంత మార్జిను వదిలి తీశారా?" అని. అర అంగుళం అన్నారు. తృప్తిపడ్డారు. తొడ చర్మం తీసి నెత్తిన అతికించారని తెలిసి వెంకటనరసమ్మ గారు, "ఏవండీ డాక్టరు గారూ, ఈ చెక్క మీదైనా జుట్టు మొలుస్తుందంటారా?" అని ఆశగా అడిగింది. మొలవలేదు.

మరుసటి ఎండాకాలం డ్యూటీకి వెళ్లేముందు ఆయన పై ఆఫీసుకి ఒక అర్జీ రాశారు. యంత్రానికి ఉన్నట్టే దాన్ని వాడే మనిషికి కూడా ఒక గొడుగు మంజూరు చేయమని. మూడు నెలలకి జవాబొచ్చింది. "తలను యంత్రముల జాబితాలో చేర్చుటకు వీలు లేదు."

ఈలోగా వీరాస్వామి చెవులూ మెడా దాకా దిగే తాటాకు టోపీ అల్లి తెచ్చాడు, ఒకటి ఆయనకి, ఒకటి తనకి. తాటాకుకి ఏ పార్టీ లేదు. ఆముదం గిన్నె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇబ్బందిపడ్డది చేపలవాళ్లొక్కళ్లే. సర్వేయరు గారు ఏ దిబ్బ మీదున్నారో తెలీక రెండు పడవలు దారి తప్పాయట.

ఆదివారం కామేశ్వరి పిల్లని తూచడం పూర్తికాగానే, అచ్యుతరావు గారు పిలవకుండానే వచ్చి పీట మీద కూర్చుని తల వంచుతారు. పిల్లకి ఇప్పుడు ఉంగరాల జుట్టు. కామేశ్వరి తండ్రి తలని వెలుతురు దిక్కుకి తిప్పి నెత్తి, నుదురు, చెవుల అంచులు, మెడ వెనక అంతా చూస్తుంది. పై ఆఫీసు పంపిన జవాబు కాగితం వెనక తెల్లగా ఉంది, దాని మీదే రాస్తుంది: "మచ్చ మానింది. కొత్త ఆక్రమణ లేదు."

ఆయన అద్దంలో సరిచూసుకుంటారు. కూతురి మాట మీద నమ్మకం లేక కాదు, కొలత కొలతే. ఆ తరవాత కింద సంతకం పెడతారు.