మూడు కంపైలర్లు, ఒక ఖాళీ ట్యూబు

వర్తూరు నుంచి బస్సులో నిలబడీ నిలబడీ బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసుకు చేరేసరికే నా ఓపిక సగం హరించుకుపోయేది. చేరాక చేసే పనేమిటయ్యా అంటే, మూడు కంపైలర్లలో ఒకదాన్ని ఎంచుకోవడం. నాకు పెళ్లి సంబంధం చూసినప్పుడు కూడా మా ఇంట్లో ఇంత చర్చ జరగలేదు.

కంపైలరంటే మనం రాసిన ప్రోగ్రాంను ప్రాసెసర్‌కు తెలిసే భాషలోకి మార్చేది. మాది ఆసుపత్రుల్లో రక్తపరీక్ష యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం. ఏళ్ల తరబడి లినక్స్ మీద, పాత రకం ప్రాసెసర్‌తో నడిచింది. కరెంటు తక్కువ తాగుతుందని కంపెనీ కొత్త రకం ప్రాసెసర్‌కు మారింది. దానికి అందరూ వాడే పాత ఉచిత కంపైలరు మేలా, కుర్రాళ్లు మెచ్చే కొత్తది మేలా, ప్రాసెసర్ తయారుచేసినవాళ్లు ఇచ్చేది మేలా తేల్చమని నన్నూ ఒక పెద్దాయన్నూ కూర్చోబెట్టారు. ఆయన కె.ఆర్.పురంలో పుట్టి పెరిగిన తెలుగువాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆ ప్రోగ్రాంలో సగం ఆయన రాసిందే.

అన్న కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఈ పని గట్టెక్కిస్తే కాంట్రాక్టు పొడిగిస్తానని మేనేజరు నోటిమాటగా అన్నాడు. వాళ్లావిడకు డయాలసిస్ జరుగుతోంది. దాని ఖర్చు మోసేది ఆఫీసు ఇన్సూరెన్సే. అందుకని నాకు విసుగొచ్చినప్పుడల్లా ఆయన ముఖం చూసి మళ్లీ కీబోర్డు ముందుకు జరిగేవాణ్ణి.

చిక్కంతా ఖాళీ ట్యూబుతో వచ్చింది. ట్యూబులో రక్తం లేకపోతే సెన్సరు మైనస్ ఒకటి పంపుతుంది. అప్పుడు ప్రోగ్రాం ‘శాంపిల్ లేదు’ అనాలి. కొత్త ప్రాసెసర్ మీద అలా అనకుండా, లేని రక్తానికి కూడా ఏదో ఒక అంకె వేసి రిపోర్టు ఇచ్చేస్తోంది. తప్పు కంపైలరుదే అనుకుని రెండోది పెట్టాం. అదే రిపోర్టు. మూడోది పెట్టాం. ఖర్మ, అదే రిపోర్టు! మేనేజరు మాత్రం పొద్దున్నే వచ్చి, ఏది ఫైనల్ చేశారని అడిగేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు భోజనాలయ్యాక అన్న, కంపైలరుకు మేమిచ్చే ఆదేశాలుండే బిల్డ్ ఫైలు తెరిచి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

“ఇక్కడ చూడప్పా. వార్నింగులు చూపించొద్దని రాసిపెట్టిండారు.”

వార్నింగంటే, ఇక్కడేదో తేడాగా ఉందని కంపైలరు చేసే హెచ్చరిక. వాటిని ఆపమని ఎవరు రాశారో తెలియదు. మా ఫీల్డులో అదొక అలవాటు. డెమో ఇచ్చేటప్పుడు తెర నీటుగా కనబడాలని కంపైలరు నోరు కట్టేస్తారు, తర్వాత విప్పడం మరిచిపోతారు. మేం మూడింటి నోళ్లూ కట్టేసి, మూడింట్లో ఏది మంచిదని ఇన్నాళ్లూ పరీక్షలు పెడుతున్నాం! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ ఒక్క మాట తీసేసి మళ్లీ నడిపితే తెర నిండా వార్నింగులు. మాకు కావలసింది వాటిలోనే ఉంది: ఇక్కడ విలువ మైనస్ ఒకటి ఎప్పటికీ కాదు అని. అన్న ఏనాడో సెన్సరు పంపే ఆ విలువను, ప్రోగ్రాంలో అంకెలు దాచే గళ్లలో అతి చిన్న రకం గడిలో దాచాడు. పాత ప్రాసెసర్ మీద ఆ గడిలో మైనస్‌లు కూడా పట్టేవి. కొత్తదాని మీద పట్టవు, మైనస్ ఒకటి కాస్తా రెండు వందల యాభై ఐదు అయిపోతుంది. ఒక్క లైను మార్చాం. మూడు కంపైలర్లూ బుద్ధిగా ‘శాంపిల్ లేదు’ అన్నాయి.

మిగతా వార్నింగులన్నీ కూడా సరిచేద్దామన్నాడు అన్న. నాకు భయమేసింది.

“వద్దన్నా. కొన్ని అలాగే ఉండనీ. అంతా శుభ్రం చేసేస్తే ఇక మనతో వాళ్లకు పనేముంటుంది?”

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“నాకూ తెలుసప్పా. బేజారు కాదా నాకు మాత్రం? కానీ మా ఇంట్లో ఆమె రక్తం చూసేది కూడా ఈ మెషీన్లోనే. దీంట్లో ఇంకేం తప్పుండాదో తెలీకుండా నాకు నిద్ర పట్టదు.”

నా కుర్చీ ఆయన పక్కకు లాక్కున్నాను. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే సరిచేసుకుంటూ పోయాం. పాత ఉచిత కంపైలరే చాలని రాసిచ్చాం. మేనేజరు తెగ మెచ్చుకున్నాడు. ఆ పై వారమే, ఇంత శుభ్రంగా ఉన్న ప్రోగ్రాంను ఇక వేరే ఊరి టీము చూసుకోగలదని చెప్పి, అన్న కాంట్రాక్టు ముగించేశాడు. పొడిగిస్తానన్నారు కదా అని నేను గట్టిగానే అడిగాను. అదేదో నేను కలగన్నట్టు చూశాడు.

కొత్త యంత్రాలు ఆసుపత్రులకు చేరాక ఒక మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. వాళ్లావిణ్ణి తీసుకుని ఆసుపత్రిలో ఉన్నాడు.

“ఇన్సూరెన్సు కార్డు పని చేయలేదప్పా. చేతినుంచే కట్టినా.”

ఆమె రిపోర్టు ఎలా వచ్చిందన్నా అని అడిగాను.

“మన మెషీన్లోనే చేసినారు. బాగలేదు,” అన్నాడు. “కానీ తప్పేమో అనుకునేదానికి లేదు కదప్పా. మనమే చేసింటిమి.”