మునిగిన ఓడ, ముసలాయన తాడు

తొంభైల్లో ఒక జనవరి. ఖతర్‌లోని మెసయీద్ తీరానికి దూరంగా మునిగిన పాత ఆవిరి ఓడను చూడటానికి వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని దిగబోతుంటే, పడవ నడిపే ఖతరీ ముసలాయన నా నడుముకు తాడు కట్టాడు. పూర్వం ముత్యాల కోసం మునిగేవాళ్ళకు ఆయన నాన్న అలాగే కట్టేవాడట.

"గాలికి లెక్క వేసుకున్నాను చాచా, తాడెందుకు?" అన్నాను హిందీలో.

"లెక్క నీది, తాడు నాది. నువ్వు గుంజితే పైకి తీస్తా. యల్లా, ఇక దిగు."

అడుగున చలి ఎముకల్లోకి దిగింది. నా లెక్క ప్రకారం ఇంకా చాలా సమయం ఉంది. ఓడ గదిలోకి తొంగి చూస్తుండగా తాడు నన్ను మెల్లగా పైకి తీసుకుపోయింది.

"ఎందుకు తీశారు చాచా?"

"నువ్వే గుంజావు కదా, రెండుసార్లు."

నేను గుంజలేదు. మీటరు చూస్తే గాలి దాదాపు అయిపోయింది. చలిలో ఊపిరి ఎక్కువ ఖర్చవుతుందని లెక్కలో వేయలేదు.

 ముసలాయన నీళ్ళవైపు వంగి, ఎవరో ముందుగా సలాం చెప్పినట్టు, "వ అలైకుమ్ సలాం" అన్నాడు.