లేడంటే లేడనే మా బావ

మా బావకి గిట్టని మాట ఒక్కటే. అది ‘ఏమో’. ఆయన్ని తిట్టండి, నవ్వుతాడు. కాలు తొక్కండి, ఫర్వాలేదంటాడు. ‘ఏమోనండీ, చెప్పలేం’ అన్నారో, ఇక మీ పని అయినట్టే. ఉందా, లేదా, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాలి. చెప్పేదాకా మిమ్మల్ని కదలనివ్వడు.

ఆయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవాడు. నేను అక్కడే లైబ్రేరియన్ని. పగలు ఆయనడిగిన పుస్తకాలు మొయ్యడం, సాయంత్రం ఆయన గురించి మా అక్క చెప్పుకునే గోడు వినడం, రెండూ నా ఉద్యోగాలే. నేను ఎరిగినప్పట్నుంచీ ఆయన ఒకే పుస్తకం రాస్తున్నాడు. గట్టి నాస్తికత్వం చరిత్ర.

“నాస్తికత్వంలో గట్టిదీ మెత్తదీ ఏంటి బావా? అరటిపండా?” అని ఒకసారి అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“దేవుడున్నాడని నేను నమ్మను అన్నాడనుకో, అది మెత్తది. వాడు తన మనసు సంగతి చెప్పుకున్నాడు, అంతే. దేవుడి జోలికి పోలేదు. దేవుడు లేడు అన్నాడనుకో, అది గట్టిది. వాడు లోకం సంగతి చెప్తున్నాడు. కాబట్టి రుజువు చూపించే పూచీ కూడా వాడిదే.”

“ఎందుకొచ్చిన పూచీ? మెత్తగా ఉంటే పోలా?”

“అందుకే నువ్వు పుస్తకాలు సర్దుకుంటున్నావు, నేను రాస్తున్నాను” అన్నాడు. చూడండి, పెళ్లాం తమ్ముడితో మాట్లాడే పద్ధతేనా అది?

ఆ పుస్తకంలో లేనివాడు లేడు, దేవుడు తప్ప. కంటికి కనపడనిదాన్ని ఒప్పుకోమని మొండికేసిన పాతకాలం వాళ్లున్నారు. జనం చాటుమాటుగా కూడా తప్పు చెయ్యకుండా ఉండాలని ఎవడో తెలివైనవాడు దేవుణ్ణి కల్పించాడన్న వాళ్లున్నారు. బతికినంతకాలం దేవుడి గురించి ఉపదేశాలు చేసి, తన తదనంతరం చదువుకోమని ‘లేడు’ అని రాసిపెట్టి పోయిన మతగురువు ఉన్నాడు. ఆయనంటే బావకి కోపం. “గట్టివాడే, కానీ పోయాక గట్టివాడైతే ఏం లాభం?” అనేవాడు. పుస్తకం ఎంతకీ పూర్తికాదు. చివరి అధ్యాయానికి వచ్చేసరికి మొదటి అధ్యాయం కంటే ముందు ఇంకెవరో ‘లేడు’ అన్నట్టు తెలుస్తుంది. మళ్లీ మొదలు.

ఈ గట్టితనం దేవుడితో ఆగితే ఇబ్బంది లేకపోయేది. మబ్బు కమ్ముకొస్తుంటే అక్క గొడుగు తెచ్చి ఇస్తుంది.

“వాన రాదు” అంటాడు.

“వస్తుందేమోనండీ.”

“గొడుగు పట్టుకుపోవడమంటే ఆ ‘ఏమో’ని చంకలో పెట్టుకుపోవడం. వాన రాదు.”

సాయంత్రం ముద్దగా తడిసి వచ్చి, “నేను అన్నది తప్పని తేలింది. చూశావా, గట్టిగా అన్నాను కాబట్టే తేలింది. ఏమో అన్నవాడి మాట ఈ జన్మలో తేలదు” అని సంతోషంగా తుమ్ముతాడు. కళ్లజోడు అల్మారాలో ఉందేమో చూడమంటే, చూడకుండానే లేదంటాడు. గుండ్రంగా ఉండే చతురస్రం లేదని చెప్పడానికి ఊరంతా వెతుకుతామా అని ఎదురడుగుతాడు. అక్క వెళ్లి అల్మారాలోంచి కళ్లజోడు తీసి చేతిలో పెడుతుంది. ఆయన పెట్టుకుంటాడు. సిగ్గు మాత్రం పడడు.

అలాంటి మనిషికి భక్తులంటే పగ ఉంటుందనుకుంటారు. అబ్బే! పక్కింటి పెద్దాయన పరమభక్తుడు. రోజూ ఇద్దరూ చదరంగం ఆడుకుంటారు. బావకి అసలు పగంతా పక్క గదిలో కూర్చునే ఇంకో తత్వశాస్త్రం మాస్టారి మీద. ఆయనా నాస్తికుడే. కానీ మెత్తవాడు. ఏదడిగినా గడ్డం గోక్కుని “ఏమో” అంటాడు. ఎండలో కూడా గొడుగు తెచ్చుకుంటాడు. పిల్లలు ఆయనకి ఏమో మాస్టారని పేరు పెట్టేశారు.

“భక్తుడు ఎదురుగా నిలబడి కొట్టుకుంటాడు. వీడు గోడమీద పిల్లి” అనేవాడు బావ.

“మీరు అంత గట్టిగా ఎలా చెప్తున్నారో నాకు అర్థం కాదు సార్” అనేవాడు ఏమో మాస్టారు.

“అర్థం కాలేదని గట్టిగానే చెప్పావుగా. సంతోషం.”

ఈ చరిత్రంతా టైపు చేసిన పుణ్యాత్మురాలు కాలేజీ టైపిస్టు గారు. ఆవిడ మహా భక్తురాలు. మిషను ముందు కూర్చోగానే కళ్లు మూసుకుని, “స్వామీ, ఇది నా మాట కాదు, సారుగారి మాట” అని దండం పెట్టుకుని, అప్పుడు టకటకా ‘లేడు, లేడు’ అని కొట్టేది. మధ్యలో బావ తొంగిచూసి, “అయిందా దండం? లేనివాడికి ఎంతసేపమ్మా?” అనేవాడు. “మీ తరఫున కూడా పెడుతున్నా సార్, అందుకే ఆలస్యం” అనేది. ఇద్దరికీ అదో సరదా.

ఒకరోజు ఆవిడ స్టాఫ్ రూముకొచ్చి, కట్టగట్టిన కాగితాలు బావ బల్ల మీద పెట్టింది. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

“ఇక నేను కొట్టలేను సార్. నాకు కడుపులో గడ్డ ఉందట. వెంటనే ఆపరేషన్ చెయ్యాలట, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పంటున్నారు.”

“మరి చేయించుకోండి! కాగితాలదేముంది?” అన్నాడు బావ.

“చేయించుకోను సార్. ఇన్నేళ్లు ఈ చేతుల్తో ఆయన లేడని కొట్టాను. అందుకే వేశాడు శిక్ష. ఆయన వేసిన శిక్షకి డాక్టరు కత్తి అడ్డం పెడితే ఇంకా పెద్దది వేస్తాడు.”

నేనూ ఏమో మాస్టారూ అక్కడే ఉన్నాం. ముందు ఆయనే అందుకున్నాడు.

“అది శిక్షే అని చెప్పడానికి సరైన ఆధారాలు లేవమ్మా.”

“సరైనవి కానివి ఉన్నాయా?”

“అలా కాదు. శిక్ష కావచ్చు, కాకపోవచ్చు…”

“కావచ్చా?”

“ఏమో” అన్నాడు ఆయన, అలవాటు చొప్పున. ఆవిడ ఏడుపు మొదలెట్టింది. నాకు ఆ గొడుగు తీసుకుని ఆయన నెత్తిన ఒక్కటివ్వాలనిపించింది.

బావ లేచాడు. “నేను చెప్తున్నాను. శిక్షించేవాడే లేడు. లేడంటే లేడు. ఆపరేషన్‌కి పదండి.”

“సార్, ఆ మాట కొట్టే కదా నాకిలా అయింది. మళ్లీ ఆ మాటే మందంటారేంటి?”

బావ బల్ల మీది కాగితాల కట్టకేసి చూశాడు. అన్ని యుగాల నాస్తికుల్లో ఒక్కడైనా ఆదుకుంటాడేమోనని ఆయన వెతుక్కోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్కడూ రాలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు బావ ఇంట్లో అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే, “పద, వాళ్లింటికి” అన్నాడు నాతో. దారిలో ఏమో మాస్టారు ఎదురై, తనూ వస్తానన్నాడు. నిన్నటి మాటకి పాపం ఆయనకీ నిద్ర లేదు.

టైపిస్టు గారు కుర్చీలు వేసింది. బావ కూర్చోలేదు.

“అమ్మా, ఒక్క ప్రశ్న. మీ స్వామి న్యాయం తెలిసినవాడా, కాదా?”

“అదేం మాట సార్? న్యాయమంటేనే ఆయన.”

“లేడన్న మాట ఎవరిది?”

“మీది.”

“మరి నన్ను చూడండి. గుండ్రాయిలా ఉన్నాను. తడిస్తే తుమ్ముతాను తప్ప ఏ రోగమూ లేదు. రాసినవాణ్ణి వదిలేసి టైపు కొట్టినావిణ్ణి పట్టుకుంటాడా? నా జోలికి రావడానికి భయమేసి, అమాయకురాలు కదా అని మీ మీద పడ్డాడా?”

“మా స్వామిని అంతంత మాటలనకండి!” ఆవిడకి రోషం వచ్చేసింది.

“నేననడం లేదు. ఇన్నేళ్లలో ఆయన లేడన్నాను. అంతేకాని పిరికివాడనీ, తెలివితక్కువవాడనీ ఒక్కసారైనా అన్నానా? మీరే కొట్టారుగా, ఏ పేజీలోనైనా ఉందా? ఆ మాట నిన్న మీరన్నారు.”

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. “అయ్యో స్వామీ! నేనా?” అని లెంపలేసుకుంది. తర్వాత నెమ్మదిగా, “అయితే ఇది శిక్ష కాదంటారా?” అంది.

“మీ స్వామి అలాంటి పని చెయ్యడు” అన్నాడు మా బావ. గట్టిగా, ‘ఏమో’ లేకుండా.

బయటికి రాగానే ఏమో మాస్టారు పట్టుకున్నాడు. “సార్, చెయ్యడు అన్నారు. చెయ్యకపోవడానికైనా ముందు ఉండాలి కదా? అంటే మీరు ఒప్పుకున్నట్టేనా?”

“నోరు మూసుకుని నడవవయ్యా. ఆవిడ బయల్దేరుతోంది” అన్నాడు బావ. ఆయన వాదన మధ్యలో వదిలెయ్యడం నేను చూడటం అదే మొదలు. ఈ మనిషి ఊరికే మొండివాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎదుటివాళ్ల భయం చూస్తే ఈయన తట్టుకోలేడు. ఆ భయానికి చోటు లేకుండా చెయ్యాలనే ఎప్పుడూ అంత గట్టిగా అరుస్తాడు. ఆ రోజే నాకది తెలిసింది.

ఆస్పత్రిలో ఆవిణ్ణి చక్రాల మంచం మీద తీసుకెళ్తున్నారు. తలుపు దగ్గర ఆవిడ బావ చెయ్యి పట్టుకుంది.

“ఉన్నాడు కదా సార్?”

నేనూ ఏమో మాస్టారూ పక్కనే ఉన్నాం. జీవితమంతా ఆయన ఎదురుచూసిన ప్రశ్న అది. జవాబు నాలుక చివరే ఉంటుంది.

“ముందు లోపలికెళ్లి రండి. ఆ సంగతి వచ్చాక తేల్చుకుందాం” అన్నాడు.

తలుపులు మూశారు. బావ బెంచీ మీద కూర్చోలేదు. ఏమో మాస్టారు టీ తెచ్చిచ్చాడు. ఏం విచిత్రమో, పేచీ పెట్టకుండా తాగాడు. చివరికి డాక్టరు బయటికొచ్చి, గడ్డ మొత్తం తీసేశామనీ, అది చెడ్డది కాదనీ చెప్పాడు. మా బావ గోడకేసి తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు, చాలాసేపు.

మర్నాడు ముగ్గురం వార్డుకెళ్లాం. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. బావని చూడగానే మొహం వెలిగిపోయింది.

“చూశారా సార్? ఉన్నాడు! నన్ను కాపాడాడు!”

ఏమో మాస్టారు నావైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. ఇక అందుకుంటాడు, మొదటి అధ్యాయం నుంచీ మొదలెడతాడు అనుకున్నాను. బావ గొంతు సవరించుకున్నాడు.

“నా తరఫున కూడా థాంక్స్ చెప్పండమ్మా. నాకు ఆయనతో పరిచయం లేదు.”

“అయ్యో, నవ్వించకండి సార్, కుట్లు లాగుతున్నాయి!” అంది ఆవిడ, కడుపు పట్టుకుని.