కొండదారి పట్టించిన కనకరత్నం టీచరు గారు

మొన్న ఆదివారం ఉదయం కనకరత్నం టీచరు గారు గుండె ఆగి కన్నుమూశారు. పాలు పోసే ఆవిడ వచ్చి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. శనివారం సాయంత్రం బజారులో కనబడి, చింతపల్లి సంతకు వస్తావా అని నన్ను అడిగిన మనిషి, తెల్లవారేసరికి లేకుండా పోవడమేమిటి? పరుగున వెళ్లేసరికి వాకిట్లో జనం గుమిగూడి ఉన్నారు. లోపల ఆ ప్రసన్నవదనం నిద్రపోతున్నట్టే ఉంది. బయట ఎవరో అంటున్న మాట మాత్రం నా చెవిన పడింది. “కొండల్లో తిరిగి తిరిగి జరమెట్టుకుంది. ఆడమనిషికెందుకండీ ఆ తిరుగుళ్లు?”

ఈ వ్యాసం రాయడానికి దుఃఖం ఒక కారణం. ఆ మాట రెండో కారణం. ఆమెకు జ్వరం లేదు. గుండెజబ్బని పరీక్షించిన డాక్టరు గారే చెప్పారు. ఒకవేళ జ్వరమే అయినా, ఆ తిరుగుళ్లు తప్పని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను.

ఆమె రంగూనులో పుట్టి పెరిగిన తెలుగావిడ. తండ్రి అక్కడి బియ్యం మిల్లులో గుమాస్తా. పెళ్లయిన కొద్ది కాలానికే భర్త పోయారు. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం మనవాళ్లను పొమ్మన్నప్పుడు, వృద్ధురాలైన తల్లిని వెంటబెట్టుకుని ఓడలో విశాఖపట్నం చేరారు. శిబిరంలో తలదాచుకుని, ట్రైనింగు చదివి, డెబ్భయ్యో దశకం తొలిరోజుల్లో మా నర్సీపట్నం బాలికల హైస్కూలుకు సోషలు టీచరుగా వచ్చారు. ఊరు ఆమెకు వెంటనే ఒక పేరు పెట్టింది: బర్మావిడ. “అక్కడ పుట్టినా మమ్మల్ని సముద్రం ఆవలివాళ్లనే అన్నారు. ఇక్కడికొస్తే బర్మావాళ్లమయ్యాం. పిలిచేవాళ్లు పిలవనీ, నేను మాత్రం ఇక్కడిదాన్నే” అనేవారు ఆమె నవ్వుతూ. ఆ నవ్వులో దైన్యం ఉండేది కాదు.

వచ్చిన మొదటి ఆదివారమే ఆమె బస్టాండుకు వెళ్లారు. ఎదురుగా ఉన్న బస్సు ఎక్కడికి వెళుతుందని కండక్టరును అడిగారు.

“సింతపల్లమ్మా.”

“అక్కడేముంటుందండీ?”

“ఏటుంటదమ్మా, సలి, కొండలు. మీవోలెవరైనా ఉన్నారేటి?”

“లేరండీ. కొండలున్నాయన్నారుగా, ఒక టిక్కెట్టివ్వండి.”

ఆ కండక్టరు ఈ సంగతి ఏళ్ల తరబడి అందరికీ చెప్పుకున్నాడు. వితంతువు, ఒంటరిది, చేతిలో సంచీ తప్ప మరేమీ లేనిది, చుట్టం లేని చోటికి కేవలం చూడటానికి వెళ్లడం అతని అనుభవంలో లేదు. నిజానికి మా ఊళ్లో ఎవరి అనుభవంలోనూ లేదు. మా మగవాళ్లు ఉద్యోగం పని మీద కొండ ఎక్కేవారు. ఆడవాళ్లం డాబా మీద బట్టలు ఆరవేస్తూ ఆ నీలపురేఖను చూసేవాళ్లం. అంతే.

ఆదివారాలూ సెలవు రోజులూ ఆమెవి. తాండవ జలాశయం, ఏటికొప్పాక లక్కబొమ్మల పనివాళ్ల ఇళ్లు, లమ్మసింగి పొగమంచు, అరకు లోయ, రేవుపోలవరం సముద్రం, అన్నీ తిరిగారు. తల్లి గారిని కూడా తీసుకువెళ్లేవారు. ఒకసారి లమ్మసింగి మలుపులో బస్సు దిగాక ఆ ముసలావిడ మంచును చూసి, “అచ్చం మన బర్మా షాన్ కొండల్లాగే ఉందే” అని కళ్లు తుడుచుకున్నారట. “అమ్మా, పోల్చకు. దీన్ని దీనిలాగే చూడు” అన్నారట టీచరు గారు. ఈ మాట నాకు చెప్పినప్పుడు, కాస్త కఠినంగా అన్నారేమో అన్నాను. అందుకు ఆమె ఇలా అన్నారు.

“మా అమ్మ కూడా ఆ షాన్ కొండల్ని ఎప్పుడూ చూడలేదు. క్యాలెండరు బొమ్మలో చూసింది. నేనూ అంతే. పుట్టిన దేశం కదా, ఎక్కడికి పోతుందిలే, ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నాం. ఒక పూట వచ్చి పొమ్మన్నారు. ఓడ మీద అందరూ తాము చూసిన చోట్లు తలుచుకుని ఏడుస్తున్నారు. నాకు మా వీధి తప్ప తలుచుకోవడానికేమీ లేదు. చూడని దేశం కోసం ఎలా ఏడవను చెప్పు? అందుకే ఓడ దిగేటప్పుడే అనుకున్నాను, ఈ దేశాన్ని మాత్రం చూడకుండా వదలనని.”

ఆమెను తిరుగుబోతని నిందించినవాళ్లకు ఈ మాట తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా వారికి లేదు.

నేను పదో తరగతిలో ఉండగా ఆమె మా క్లాసును కొండ మీది జలపాతానికి తీసుకువెళతానన్నారు. లమ్మసింగి దాటాక రోడ్డు వదిలి అడవిలోకి నడిస్తే వచ్చే జలపాతమది. ఊళ్లో అలజడి రేగింది. తల్లిదండ్రులు స్కూలుకు వచ్చారు. వారి తరఫున మాట్లాడినది రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా అయిన మా నాన్నగారే.

“మీరంటే ఎక్కడ్నించో వచ్చినవారు, తిరుగుతారు. పెళ్లి కావలసిన పిల్లలండీ మావాళ్లు. జొరాలొస్తే, కాళ్లిరిగితే ఎవరిది పూచీ?”

“పూచీ నాదేనండీ” అన్నారు టీచరు గారు. “మీ అమ్మాయి హిమాలయాల ఎత్తు అడిగితే తడుముకోకుండా చెప్పేస్తుంది. మీ డాబా మీంచి కనబడే కొండ పేరు అడిగి చూడండి.”

నాన్నగారు నా వైపు చూశారు. నాకు తెలియదు. ఆయనకూ తెలియదని ఆ చూపులోనే అర్థమయింది. అయినా, “మా పిల్లని పంపనండీ” అని లేచి వచ్చేశారు. మిగతావాళ్లూ ఆయన వెనకే కదిలారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ గొడవంతా విన్న మా నాయనమ్మ, చేట పక్కన పెట్టి నాన్నగారిని పిలిచింది. “ఒరే, నాను కాపరానికొచ్చిన కాడ్నించీ ఆ కొండలు సూస్తన్నాను. ఒక్కపాలి ఎక్కనేదు. మీ నాన్ననడిగితే నవ్వీసినారు. పిల్ల కూడా నాలాగే ముసిల్దవ్వాలా? నాను తోడెల్తాను. ఇంకేటి నీకు బయం?” నాన్నగారు తల్లి మాటకు ఎదురు చెప్పలేకపోయారు. మా నాయనమ్మ వెళుతోందని తెలిసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే సరేనన్నారు.

ఆ ప్రయాణాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. ఘాటు రోడ్డులో నాయనమ్మ కిటికీ ఊచ పట్టుకుని, లోయను చూస్తూ కూర్చుంది. జలపాతం ముందు నిలబడి, తుంపరలో ముసుగు తడిసిపోతుంటే, నా చెయ్యి పట్టుకుని గట్టిగా అరిచింది. “ఇన్ని నీల్లు మనింటెనకాలుండగా ఒక్కరూ సెప్పనేదేటే!” అది ఆనందమో కోపమో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, రెండూను.

తిరుగుదారిలో కొండ గూడెంలో పోతమ్మ అనే ఆవిడ ఇంట్లో రాగి అంబలి తాగాం. టీచరు గారికి ఆమె సంతలో పరిచయమై స్నేహితురాలైంది. పోతమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, “మేం అడ్డాకులు, సింతపండు మోసుకుని మీ వీదిలోనే తిరుగుతాం. అప్పుడు మా మొకం సూడరు. ఇప్పుడు కొండ సూడ్డానికి వచ్చినారా?” అంది. మేమంతా తలలు వంచుకున్నాం. టీచరు గారు వంచుకోలేదు. “నిజమే పోతమ్మా. ఇకమీదట చూస్తారు. అందుకే తీసుకొచ్చాను” అన్నారు. కొండలను చూపడమంటే కొండవారిని చూపడం కూడా అన్నది ఆమె భూగోళశాస్త్రం.

మేము క్షేమంగా తిరిగి వచ్చినా ఎవరో పైకి అర్జీ పెట్టారు. పై అధికారుల అనుమతి లేకుండా పిల్లలను అడవిలోకి తీసుకువెళ్లారన్న అభియోగం మీద ఆమెను పాయకరావుపేటకు బదిలీ చేశారు. మేమంతా ఏడుస్తుంటే ఆమె పెట్టె సర్దుకుంటూ, “ఎందుకే ఏడుపు? శిక్షంటారు గానీ, ఇది సర్కారు నాకు కొనిపెట్టిన టిక్కెట్టు. వంతెన దాటితే తుని, జిల్లాయే మారిపోతుంది. చూడాల్సింది బోలెడుంది” అన్నారు. అక్కడి పిల్లలనూ తాండవ ఏటి వెంట సముద్రం దాకా నడిపించారని తరువాత విన్నాం. కొన్నేళ్లకు తిరిగి మా ఊరికి వచ్చినప్పుడు, ఆమె చేసిన మొదటి పని మళ్లీ ఎక్స్‌కర్షనుకు పేర్లు అడగడం. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు. అప్పటికి నేనూ అదే స్కూలులో టీచరుగా చేరాను. పిల్లల వెనక వరుసలో నడిచే బాధ్యత నాకిచ్చి, “వెనకబడ్డ పిల్లను తొందరపెట్టకు. అది ఏదో చూస్తూ ఉండి ఉంటుంది” అని చెప్పారు. ఉపాధ్యాయవృత్తి గురించి అంతకంటే గొప్ప మాట నేను ఏ శిక్షణలోనూ వినలేదు.

తల్లి గారు ముందే పోయారు. టీచరు గారికి పిల్లలు లేరు. కబురందుకుని కాకినాడ నుంచి పినతండ్రి కొడుకు వచ్చి, శ్రద్ధగా దహనం జరిపించారు. అస్థికల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. గోదావరికి తీసుకువెళతానన్నారాయన. మా ఊరి పక్క బలిఘట్టంలో, వరాహ నది ఉత్తరంగా తిరిగే చోట కలపమని ఆమె నాతో ఎన్నోసార్లు అన్నారని చెప్పాను. ఆయన చెడ్డవారు కారు. బాధగానే అన్నారు. “అదేంటమ్మా, ఊరు కాని ఊళ్లో కలపడమెందుకు? మా అక్కది ఈ ఊరు కాదు కదా.”

చూపు సరిగా ఆనని మా నాయనమ్మ, నా భుజం పట్టుకుని నిలబడి ఉన్నదల్లా, ముందుకు జరిగింది.

“బాబూ, ఈ ఊరు మాకు సూపించింది ఆవిడే. ఆవిడిది ఈ ఊరు కాదంటే, మాదీ కాదు.”

ఆయన ఒప్పుకున్నారు. అస్థికలను బలిఘట్టంలోనే కలిపాం. ఆడవాళ్లు ఏటిగట్టుకు రాకూడదని ఊళ్లో కొందరన్నారు. నేనూ, నాయనమ్మా, టీచరు గారి దగ్గర చదువుకున్న ఆడపిల్లలమంతా వెళ్లాం. పోతమ్మ కూడా కొండ దిగి వచ్చి మా పక్కన నిలబడింది.

అలాంటి గురువు మాకు మరొకరు దొరకరు. ఆ లోటు తీరుతుందని ఎవరు ఓదార్చినా నేను వినను. ఆమె పాదాలకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. పదో తరగతి పిల్లలతో వచ్చే ఆదివారం నేను కొండకు వెళుతున్నాను. అర్జీలు పెట్టదలచినవారు పెట్టుకోవచ్చు.