గంజి కలిసిన క్యారెట్ జ్యూసు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి రెండు భ్రమలుంటాయి. తన ఒంటికి ఎప్పటికీ ఏమీ కాదని ఒకటి, ఇంట్లో చూసి నేర్చిన పని బయట దేనికీ పనికిరాదని ఇంకొకటి. ఆ రోజుల్లో నా దగ్గర ఈ రెండూ దండిగా ఉండేవి. చిన్నకోడూరు పక్కన మా ఊళ్లో మా నాన్న (మేం బాపు అంటాం) మగ్గం నేసేవాడు. నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టాలని ఆయన, చచ్చినా కూర్చోనని నేను, పదో తరగతి నుంచి పోరుతూనే ఉన్నాం. చివరికి "నా బతుకు నేను చూసుకుంట" అని గట్టిగా చెప్పి షార్జా విమానం ఎక్కేశాను. (గట్టిగా చెప్పింది మా వాకిట్లోనే. విమానంలో బెల్టు పెట్టుకోవడం రాక పక్కాయన్ని బతిమాలుకున్న సంగతి మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు.) బాపు తను నేసిన కొత్త నూలు తువ్వాలలు రెండు మడతపెట్టి నా సంచిలో పెట్టాడు.

అక్కడ కట్టడాల దగ్గర ఏసీ గొట్టాలు మోసే పని నాది. మా ఫోర్‌మన్ కేరళ ఆయన. ఎవరితో మాట్లాడినా కళ్లు చేతి గడియారం మీదే ఉండేవి కాబట్టి మేం ఆయనకు గడియారం సారు అని పేరు పెట్టుకున్నాం. నేను వెళ్లిన మూడో నెలలో, ఎండలు మండిపోతుంటే, నాలుగో అంతస్తులో గొట్టం భుజాన పెట్టుకుని నిలబడ్డవాణ్ని నిలబడ్డట్టే కూలబడ్డాను. కళ్లు తెరిచేసరికి గడియారం సారు నా మణికట్టు పట్టుకుని తన గడియారం చూస్తున్నాడు. నా నాడి చూస్తున్నాడో, పని ఎంతసేపు ఆగిందో చూస్తున్నాడో ఇప్పటికీ తేలలేదు. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు రక్తం తక్కువుందన్నాడు, మాత్రలు రాశాడు, క్యారెట్, బీట్‌రూట్, నారింజ రసం రోజూ తాజాగా తాగమన్నాడు. బయటికి రాగానే గడియారం సారు తేల్చేశాడు. "నెల రోజులు చూస్తా. అప్పటి పరీక్షలో రక్తం పెరగకపోతే నిన్ను ఇంటికి పంపుతా. నా పని మీద ఎవడూ చావకూడదు." (ఆయన హిందీలో అన్నాడు. హిందీలో ఇంకా భయంగా ఉంది.)

ఇంటికి పోవడం కాదు నా బాధ. "మూడు నెలలకే వాపసొచ్చిండట" అని ఊరంతా అనుకుంటుంటే బాపు ముందు నిలబడాలి. ఆయన తిట్టడు. తిట్టకుండా ఒక్కసారి మగ్గం గుంట వైపు చూస్తాడు. ఆ చూపు కన్నా షార్జా ఎండే నయం. ఎట్లాగైనా నెలలోపల రక్తం పట్టించాలని ఒట్టు పెట్టుకుని, సాయంత్రం నేరుగా జ్యూసు దుకాణానికి పోయాను. గోడ మీద ధరల పట్టిక చదివి, పక్కనే ఉన్న నల్లా నీళ్లు తాగి వచ్చాను. అక్కడ ఒక్క గ్లాసు జ్యూసుకు పెట్టే ఖర్చుతో మా గదిలో ఒక మనిషికి రెండు పూటల బువ్వ వెళ్లిపోతుంది. పెద్ద దుకాణంలో జ్యూసు తీసే మిషన్ కూడా చూశాను. గాజు అద్దాల వెనుక తళతళలాడుతూ ఉంది. గుడిలో దేవుడి చుట్టూ తిరిగినట్టు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ఏమీ కోరుకోకుండానే తిరిగొచ్చాను.

పనివాళ్ల క్యాంపులో మా గదిలో ఆరుగురం. అందరిలో పెద్దవాడు దౌల్తాబాద్ నుంచి వచ్చిన అన్న. ఊళ్లో నడుముకు మోకు (తాడు) కట్టుకుని తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి కాబట్టి మోకన్న అనేవాళ్లం. ఆయన నా గోడు విని, "జ్యూసు దుకాణంల ఎందుకు తాగుతవ్ తమ్మీ? పండ్లు మనమే తెచ్చుకుందం. మిక్సీ ఉండనే ఉన్నది గద" అన్నాడు. శుక్రవారం సాయంత్రం, మార్కెట్ మూసే వేళకు, నన్ను వెంటబెట్టుకుపోయాడు. ఆ వేళప్పుడు కాస్త మెత్తబడ్డ నారింజలూ, వంకర క్యారెట్లూ పెట్టెలకు పెట్టెలు చవకగా తోసేస్తారని ఆయనకు తెలుసు. బేరం మాత్రం పచ్చి తెలుగులో చేశాడు. "గిదేంది, గిట్ల వడలిపోయింది? గిది నువ్వు తింటవా?" అని మోకన్న నిలదీస్తే, తెలుగు ముక్క రాని ఆ వ్యాపారి సిగ్గుపడి ఇంకో నాలుగు బీట్‌రూట్లు పైన వేశాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని నేను గెలిచినంత గర్వంగా నడిచాను.

గెలుపు అంత తేలిక కాదని గదికొచ్చాక తెలిసింది. మిక్సీలో వేస్తే ముద్ద వస్తుంది గానీ జ్యూసు రాదు. చాయ్ వడపోసే జాలిలో వేసి చెంచాతో ఒత్తాను. పావుగంట ఒత్తితే గుక్కెడు రసం వచ్చింది, జాలి అడుగు ఊడిపోయింది. చాయ్ జాలి పోయినందుకు గదిలో ఐదుగురూ నన్ను చూసిన చూపు మరిచిపోలేను. ఇక మిగిలింది గుడ్డ. సంచిలోంచి బాపు ఇచ్చిన తువ్వాల ఒకటి తీసి, ముద్దంతా అందులో పోసి రెండు చేతులా పిండాను. రక్తం తక్కువున్న చేతులు కదా, పది నిమిషాలకే పట్టు వదిలేశాయి. ముద్దలో రసం ఇంకా సగం అలాగే ఉంది.

అప్పుడు నా కళ్ల ముందుకు బాపు వచ్చాడు. మా ఇంట్లో నూలు చిలపలకు (చిలప అంటే దండలా చుట్టిన నూలు) రంగు వేశాక చేతులతో పిండరు. తడి చిలపను గోడకున్న మేకుకు తగిలించి, కింది కొసలో కర్ర దూర్చి మెలితిప్పుతారు. చుక్క మిగలకుండా నీళ్లు దిగిపోతాయి. నేను లేచి ముద్ద లోపలే ఉండేలా తువ్వాలను పొడుగ్గా మడిచి, పై మంచం ఇనుప గొట్టం మీదుగా వేసి, రెండు కొసలూ కలిపి ముడివేసి, ఆ ముడిలో చపాతీ కర్ర దూర్చాను. కింద గిన్నె పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. మూడో మెలికకు ధార కట్టింది. ఏడో మెలికకు ఆగింది. విప్పి చూస్తే లోపల ముద్ద పొడిపొడిగా రాలింది. గదంతా చప్పట్లు! "వారీ, మిషన్ కన్న మంచిగున్నది గదరా!" అన్నాడు మోకన్న.

సరిగ్గా అప్పుడే గదుల తనిఖీకి గడియారం సారు తలుపు తోసుకుని వచ్చాడు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా? మొదటి గ్లాసు ఆయన చేతిలోనే పెట్టి, "చూడండి సార్, మందు మొదలుపెట్టాను" అన్నాను ఛాతీ పొంగించి. ఆయన ఒక గుక్క తాగాడు. ఆగాడు. గ్లాసులోకి చూశాడు. ఇంకో గుక్క తాగి, గడియారం చూడకుండా (ఆ మూడు నెలల్లో అదే మొదటిసారి) నా మొహం చూసి, "ఇందులో అన్నం ఎందుకు వేశావు?" అని అడిగాడు. నేను రుచి చూశాను. చిక్కగా, జిగురుగా, పొద్దున కుండలోంచి వంచిన గంజి వాసన!

వెంటనే బాపుకు ఫోన్ చేశాను. సంగతి విని ఆయన ముందు ఊపిరందకుండా నవ్వాడు. "ఓరి పిచ్చోడా! కొత్త తువ్వాలల గంజి ఉంటదని తెల్వదా? నేతోని కొడుకువు కాదురా నువ్వు? మూడు నీళ్లల్ల ఉతికి వాడు" అన్నాడు. పడుగు నూలుకు గంజి పట్టే బాపు పక్కన ఇరవయ్యేళ్లు పెరిగినవాణ్ని నేను. మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి షార్జాలో ఒక కేరళ ఆయనకు గంజి తాగించాక గానీ గుర్తురాలేదు.

మర్నాటి నుంచి మాది పక్కా కార్ఖానా. తువ్వాలను మూడు నీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, పని నుంచి రాగానే మిక్సీ, మెలిక, గిన్నె. గదిలో ఆరుగురూ తలా అర గ్లాసు తాగేవాళ్లం. మిగిలిన పొడిని కూడా పారెయ్యనివ్వలేదు మోకన్న. బియ్యప్పిండి, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి సర్వపిండి (మా వైపు కారం రొట్టె) కాల్చేవాడు. ఎర్రటి సర్వపిండి అంతకుముందు నేనెప్పుడూ తినలేదు. వాసనకు పక్క గదుల వాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు.

నెల తిరిగేసరికి పరీక్ష. డాక్టరు కాగితం చూసి తల ఊపాడు. రక్తం పెరిగింది! (డాక్టరిచ్చిన మాత్రలు కూడా ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాను. కానీ గెలిచినవాడు చెప్పే కథలో మాత్రలకు ఏం చోటుంటుంది?) గడియారం సారు ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి నా జేబులో పెట్టాడు. "ఉండు. పని చేసుకో" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. రెండో తువ్వాల ఆయనకిచ్చేశాను. ఈసారి ఉతికే ఇచ్చాను.

ఆ సాయంత్రం గొప్పలు చెప్పుకోవడానికి బాపుకు ఫోన్ చేశాను. నేను రక్తం గురించి, ఫోర్‌మన్ గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్తుంటే ఆయన ఆపి, "ఎన్ని మెలికలు తిప్పినవ్?" అని అడిగాడు. ఏడన్నాను. "ఏడుకు ముద్ద పొడిగ రాలిందా?" రాలిందన్నాను. "పదికి పోకు, పోగు తెగుతది" అన్నాడు. తర్వాత, "మంచిగ పిండినవ్ బిడ్డా" అన్నాడు.

పని విషయంలో బాపు నన్ను మంచిగ చేశావని అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఇప్పుడు సిద్దిపేటలో నాకు సొంత ఏసీ రిపేరు దుకాణం ఉంది, తల కూడా కాస్త నెరిసింది. అయినా ఆ ఇరవై మూడేళ్లవాణ్ని తలచుకుంటే నవ్వాగదు. ఉద్యోగం నిలిపిన రక్తపరీక్ష కాగితం జేబులోనే ఉండిపోయింది, వాడు దాన్ని ఎవరికీ చూపించలేదు. క్యాంపులో ఒక్కో గది తలుపూ కొట్టి, "మా బాపు నన్ను మంచిగ పిండినవన్నడు!" అని చెప్పుకుంటూ పోయాడు. చివరి గదిలో అందరూ బంగ్లాదేశ్ వాళ్లు, ఒక్కరికీ తెలుగు రాదు. వాళ్లకు గాలిలో కర్ర తిప్పి చూపించాడు. ఏం అర్థమైందో గానీ, పాపం, వాళ్లంతా లేచి నిలబడి వాడితో చేతులు కలిపారు.