గుమ్మడికాయ గొర్రె

ఏలకులు దంచి గ్రీన్ టీలో వేస్తే చాలు, జర్మీనా ఆంటీ మా వంటింట్లోకి వచ్చేసినట్టే ఉంటుంది. ఫ్రిస్కోలో మా పాత అపార్ట్‌మెంట్‌లో ఆవిడది పక్క ఇల్లు. పష్తూన్ మనిషి, పాకిస్తాన్ సరిహద్దు కొండల్లోని కుర్రం జిల్లా. ఆవిడ ఉర్దూ, నా హైదరాబాదీ హిందీ కలిపి కబుర్లు నడిపించేవాళ్లం. జిల్లా గురించి మొదలుపెడితే ఇక ఆగేవారు కాదు. తువ్వాలు మడిచి నిలబెట్టి, "ఇది మా తెల్లకొండ. వెనకంతా ఆఫ్ఘనిస్తాన్" అనేవారు. పక్కన చున్నీ పరిచి, "ఇది మా నది. ఒడ్డున వరి పండిస్తాం. బియ్యం మీకొక్కరికే ఉన్నాయనుకోకు!" అని దెప్పేవారు.

ఆ రోజుల్లోనే మా ఆయన ఉద్యోగం పోయింది. వీసా గడువు నెత్తి మీద కూర్చుంది. ఆ సంగతి నా స్నేహితురాలు మాధవికి ఒక్కదానికే చెప్పాను. ఆ పిచ్చిమొద్దు ఎవరైనా ఉద్యోగానికి రెఫరల్ ఇస్తారని అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూప్‌లో పెట్టేసింది. గంట తిరక్కుండా గుంటూరు నుంచి మా అమ్మ ఏడుస్తూ ఫోన్! ఒళ్లు మండిపోయి మాధవితో మాటలు మానేశాను. అదేమో ఆదివారం వేరే రాష్ట్రానికి, చాండ్లర్‌కి మారిపోతోంది. ఈ దేశంలో నాకు అక్కా చెల్లీ అన్నీ అదే. ఇలాగే వెళ్లిపోతే ఇక మేం కలవమని లోపల బెంగ, పైకి మాత్రం బింకం.

"మీ జిల్లాలో ఇలాంటి తగువులు ఎవరు తీరుస్తారాంటీ?" అని, జరిగిందంతా చెప్పుకుని అడిగాను.

"మా నాన్న రోజుల్లో కోర్టులు లేవు బేటీ. సర్కారు ఏజెంటు పెద్దలను గుండ్రంగా కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు మాదీ అందరిలాంటి జిల్లాయే, కోర్టులొచ్చాయి. కానీ తప్పు చేసినవాళ్లు గొర్రెను తోలుకుని గుమ్మంలోకొస్తే కాదనకూడదు. అది ఏ సర్కారూ మార్చలేదు."

"రమ్మనండి, చూద్దాం" అన్నాను మూతి ముడుచుకుని.

శనివారం పొద్దున్నే బెల్ మోగింది. తలుపు తీస్తే మాధవి, చేతుల్లో మోయలేనంత గుమ్మడికాయ, కళ్లనిండా నీళ్లు. వెనకాల ఆంటీ.

"ఇదే గొర్రె. మీరు మాంసం తినరుగా!" అన్నారావిడ.

"సారీనే, నిన్నడక్కుండా పెట్టేశాను. తొందర్లో బుర్ర పనిచేయలేదే" అంది మాధవి.

"ముందది కింద పెట్టి లోపలికి తగలడు, నడుం పట్టేస్తుంది" అన్నాను. కావలించుకుని ఏడ్చాం, ఆ కాయను చూసి పడీపడీ నవ్వాం. మధ్యాహ్నం బెల్లం వేసి పులుసు పెడితే ఆంటీ మారు వడ్డించుకున్నారు. ఆ గ్రూప్‌లోంచే మా ఆయనకు ఉద్యోగం దొరికిందని మాధవి ఇప్పటికీ చాండ్లర్ నుంచి ఫోన్ చేసి మరీ దెప్పుతుంది.

ఆంటీ ఇప్పుడు అరోరాలో కొడుకు దగ్గరున్నారు. నిన్న పొద్దున మా ఆయన నాతో పోట్లాడి, విసురుగా తలుపేసి ఆఫీస్‌కి వెళ్లిపోయాడు. సాయంత్రం చంకలో గుమ్మడికాయతో గుమ్మంలో నిలబడ్డాడు. కాదనడానికి వీల్లేదు. మా ఇల్లు ఎప్పుడో కుర్రం జిల్లాలో కలిసిపోయింది. లోపలికి రమ్మని, ఏలకులు దంచాను.