మడ్డి పోసిన పళ్లెం

నా చిన్నప్పుడు వానలు తగ్గి గునుగు పూలు విచ్చుకునే రోజులకు, మా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్ల గోల్ఫ్ మైదానం నడుమెత్తు గడ్డిలో మునిగిపోయి ఉండేది. చెరుకు ఆడటం మొదలయ్యేలోపు దాన్ని మళ్లీ మైదానంగా మార్చడం మా పెదబాపు పని. ఆయన మా నాన్నకు అన్న, అక్కడ పెద్దమాలీ. క్లబ్బు వెనక ఆయనకిచ్చిన రెండు గదుల్లోనే మా అందరి కాపురం.

గోల్ఫ్ అనగానే సినిమాల్లోని పచ్చటి తివాచీని తలుచుకోకండి. మా ఎండలకు అంత సుకుమారమైన గడ్డి బతికేది కాదు. బంతి చివరికి పడే గుంత చుట్టూ గుండ్రంగా ఇసుక పరిచి, అది గాలికి లేవకుండా వాడేసిన ఇంజిన్ ఆయిల్ కలిపి, పైన చెక్క లాగి చదును చేసేవారు. సాబులు దాన్ని ఏమనేవారో గానీ మేం పళ్లెం అనేవాళ్లం. అలాంటివి తొమ్మిది. ప్రతి వానాకాలం తొమ్మిదింటినీ కడిగేసి పోయేది.

ఆ ఆయిల్‌కు మా పెదబాపు చేతులు పగిలిపోయేవి. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. పైగా ఆ ఏడు వర్క్‌షాపు వాళ్లిచ్చిన ఆయిల్ ఎనిమిది పళ్లేలకు మించి రాదు. నాకప్పుడు పదేళ్లు, నోరు మాత్రం ఇప్పుడున్నంతే. ఫ్యాక్టరీ వెనక గుంతల్లో చక్కెర తీయగా మిగిలిన మడ్డి నల్లగా, చిక్కగా ఊరికే పడి ఉంటే ఈ కంపు నూనె ఎందుకని వాదన పెట్టుకున్నాను. మడ్డి జిగురు కదా, ఇసుకను ఇంకా బాగా పట్టి ఉంచుతుంది, చేతులూ పగలవు అన్నాను. మా అవ్వ నోరు మూసుకోమంది. గడ్డి పీకుతున్న ఆడవాళ్లు నవ్వారు. పెదబాపు ఒక్కడే పార పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు.

అలా తీరిగ్గా వినే రోజులు కావవి. పది రోజుల్లో హైదరాబాదు నుంచి అతిథులొస్తారని, అప్పటికి మైదానం తయారు కాకపోతే పని నిజామాబాద్ కాంట్రాక్టరుకు ఇచ్చేస్తానని కొత్త సాబు చెప్పి వెళ్లాడు. పని పోతే గదులూ పోతాయి. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినా తగ్గలేదు.

"సరే బిడ్డా, తొమ్మిదో పళ్లెం నీది. అన్నిటికన్న ముందుగాల గదే సేద్దాం," అన్నాడు పెదబాపు.

మడ్డి డబ్బాలు ఆయనే మోశాడు. కలిపింది, పరిచింది, చెక్క లాగింది నేను. సాయంత్రానికి అద్దంలా మెరిసింది. నా గోలీ ఒకటి దొర్లించి చూస్తే గీత గీసినట్టు పోయింది. కనిపించినవాళ్లనల్లా పిలిచి చూపించాను. మూడు రోజులు మా వాడలో నన్ను పట్టేవాళ్లు లేరు.

ఆదివారం చర్చి అయిపోగానే తెల్లగౌనుతోనే పరుగెత్తాను. పళ్లెం కదులుతోంది. ఎర్రచీమలు, నల్లచీమలు, కింద ఇసుక కనబడనంతగా. వాటి మధ్య రెండు పందులు మూతులు పెట్టి దున్నుతున్నాయి. నా నోటి దురద వల్ల మా అందరికీ ఇల్లు లేకుండా పోతుందని అప్పుడు తెలిసొచ్చింది.

పెదబాపు వెనకాలే వచ్చాడు. పందులను తరిమి, ఆ ఇసుకంతా తోడించి, మంజీర ఇసుక ఒక బండి తెప్పించాడు. తక్కువపడ్డ ఆయిల్ కోసం నన్ను వెంటబెట్టుకుని నిజామాబాద్ రోడ్డు మీది లారీ షెడ్లన్నీ తిరిగాడు.

"ఏం చాచా, సాబుల బంతికి తలంటు పోస్తున్రా?" అని ఓ మెకానిక్ వెక్కిరిస్తే, "ఔ బేటా, దానికి సర్ది అయింది," అని డబ్బా ముందుకు జరిపాడు.

అతిథులు వచ్చారు, ఆడారు, వెళ్లారు. తొమ్మిదో పళ్లెం మీద బంతి ఒద్దికగా దొర్లింది. పని కాంట్రాక్టరుకు పోలేదు. మా గదులు మాకు మిగిలాయి.

ఆ సాయంత్రం పెదబాపును నిలదీశాను, చీమలొస్తాయని నీకు ముందే తెలుసు కదా అని. తెలుసన్నాడు. పనిలో చేరిన ఏడు తానూ మడ్డే పోశాడట, అప్పుడొచ్చిన పందులు ఇంకా ఎక్కువట. మరి చెప్పలేదేం అన్నాను.

"సెప్తే ఇంటుంటివా? ఇన్నా గూడ నీ నోరు మూసినట్టే అయితుండె. నీ మాటల సగం నిజమే ఉండె బిడ్డా, ఇసుక పట్టింది గద. సీమల సంగతొక్కటే నీకు తెల్వకుండె."

తొమ్మిదోది ముందెందుకు చేయించాడో అప్పుడర్థమైంది. తప్పు బయటపడటానికీ, దిద్దుకోవడానికీ సరిపడా రోజులు నాకోసం మిగిల్చిపెట్టాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మైదానంలో ఇప్పుడు సర్కారు తుమ్మలు మొలిచాయంటారు. చూడటానికి నాకు మనసొప్పలేదు. లారీ షెడ్డు పక్కనుంచి నడిచేటప్పుడు అందరూ ముక్కు మూసుకుంటే నేను ఒక్క క్షణం నిలబడి గుండెనిండా పీల్చుకుంటాను.

తర్వాత నేను వాదించని మనిషి లేడు. కాలేజీలో లెక్చరర్లు, ఇంట్లో అత్తగారు, కట్టుకున్నాయన. కొందరు నోరు మూయించారు, కొందరు విసిగి సరేలెమ్మన్నారు. నా మాటను నేల మీద పెట్టి, అది నిలుస్తుందో లేదో నాతో కలిసి చూసింది మాత్రం ఆయనొక్కడే.

మొన్న మా చిన్నది ఏదో మొండి వాదనకు దిగింది. తప్పెక్కడుందో మొదటి మాటకే తెలిసిపోయింది నాకు. చెప్పబోయి ఆగాను. ఆగడం వరకు ఎలాగో వచ్చింది. ఆ పైన ఏం చేయాలో అడుగుదామంటే పెదబాపు లేడు.